గంజి దిగని బట్ట

మొన్న మా చిన్నకొడుకు ఎక్కడి నుంచో ఒక ముసలి డీజిల్ జీపును కొనుక్కొచ్చి వాకిట్లో పెట్టాడు. దాని ఒంటి మీద తుప్పే తప్ప రంగు లేదు. ఇద్దరు పిల్లల తండ్రికి ఇప్పుడు ఈ జీపు సోకేమిటని కోడలు ముఖం ముడుచుకుంది గానీ, వాడు వినే రకం కాదు, వాళ్ళ నాయన పోలిక. ఆదివారం పొద్దున బానెట్ ఎత్తి, పగుళ్ళు పట్టిన రబ్బరు పైపులన్నీ పీకి గోనెసంచి మీద పరిచాడు. పక్కన కొత్త పైపులు, ఒక అట్టపెట్టె. పెట్టెలోంచి తీసిన వస్తువును నా చేతిలో పెట్టి, "గిదే డీజిల్ ఫిల్టరు అవ్వా. లోపలంత కాయిదమే. ఉతుకుడు గితుకుడు లేదు, మురికైతే పారేసుడే" అన్నాడు. కొత్తచీర కుచ్చిళ్ళలాగా మడతలు మడతలుగా ఉంది ఆ కాగితం. అటూ ఇటూ తిప్పి చూసి, "అప్పుడు గూడ కాయిదమే ఉంటే నేనేం జేసేదాన్నో" అన్నాను. వాడు నవ్వి మళ్ళీ జీపు కిందికి దూరాడు. ఆ మాట సంగతి వాడికి తెలియదు. ఇంతవరకూ పిల్లలెవరికీ చెప్పలేదు కనుక తెలిసే దారి లేదు.

నేను పుట్టింది కరీంనగర్ అవతల ఒక మగ్గాల వాడలో. మా బాపు నన్ను మూడో తరగతి దాకా పంపి, కండెలు చుట్టే చేతులు తక్కువయ్యాయని మాన్పించాడు. చదువు పెద్దగా రాలేదు గానీ గంజి వచ్చింది. నవ్వకండి, గంజి కూడా ఒక చదువే. తెల్లవారగానే వాడ పొడుగునా పడుగు చాచి, బియ్యపు గంజి పూసి, కుంచెతో దువ్వేవాళ్ళం. గంజి పట్టని నూలు మగ్గం మీద నాలుగు దెబ్బలకే తెగిపోతుంది. అందుకే మగ్గం దిగిన కొత్తబట్ట అట్టలాగా తనంత తానే నిలబడుతుంది. మూడుసార్లు ఉడకబెట్టి, బండకేసి బాదితే గానీ దాని గంజి దిగదు. దించకుండానే కొత్త దుప్పటి కప్పుకుని వానలో తడిసిన ఒక మేనమామ ఉండేవాడు మాకు. ఇంటికి వచ్చేసరికి ఒళ్ళంతా జిగురు జిగురై, దుప్పటి ఊడదీయడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. ఆయన పెళ్ళి దాకా వాడంతా ఆ ముచ్చటే చెప్పుకుని నవ్వింది. గంజికి నీళ్ళు తగిలితే ఏమవుతుందో మా వాడలో పాకే పిల్లకు కూడా తెలుసునని చెప్పడానికే ఇదంతా.

మా ఆయన కూడా మగ్గాల ఇంటివాడే. కానీ ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. పెళ్ళికి ముందే ఒక ఆనకట్ట ప్రాజెక్టు పనిలో చేరి, అక్కడొక సర్దార్ మిస్త్రీ దగ్గర డీజిల్ ఇంజన్ల పని నేర్చుకున్నాడు. హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన నాలుగైదేళ్ళకు, మందమర్రి దాటాక రోడ్డు పక్కన తాటాకుల షెడ్డు వేసి సొంతంగా కూర్చున్నాడు. షెడ్డు వెనకే ఇల్లు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. అత్తకు మాత్రం మగ్గం లేకపోతే పొద్దు గడవదు. వెనక వసారాలో ఒక గుంటమగ్గం వేయించుకుని దుప్పట్లు నేసేది. ముందు నుంచి సుత్తి చప్పుడు, వెనక నుంచి మగ్గం చప్పుడు, మధ్యలో నేను. ఆ రెండు చప్పుళ్ళు లేకుండా నాకు నిద్ర పట్టేది కాదు. మా ఆయన చెయ్యి మంచిదని పేరు. ఆయన ముట్టిన బండి దారిలో ఆగదని లారీ డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోవడానికి మాకు పొలమా, మేడలా? ఆ పేరే ఆస్తి.

ఇక సేటు సంగతి. అడవిలో టేకు కూపులు వేలంలో పాడి, చెట్లు కొట్టించి అమ్మే కంట్రాక్టరు ఆయన. అందరూ సేటు అనే పిలిచేవాళ్ళు. తెల్లటి ధోవతి, నోట్లో కిళ్ళీ, ఎదుటివాడి ముఖం చూడకుండా మాట్లాడే అలవాటు. ప్రాజెక్టు వేలంలో కొన్న ఒక విలాయతి డీజిల్ జీపు ఉండేది. వాగులూ గుట్టలూ, చెట్లు నరికిన మోళ్ళూ అన్నీ దాటి పోయేది పాపం. దాని నరాలు మాత్రం కుళ్ళిపోయాయి. టాంకీ నుంచి పంపు దాకా వచ్చే రబ్బరు పైపులు వేలు పెట్టి నొక్కితే పెచ్చులూడేవి. ఒక పక్క డీజిల్ కారుతుంది, ఇంకో పక్క గాలి పీలుస్తుంది, గాలి పీలిస్తే ఇంజను ఆగిపోతుంది. "సేటూ, పైపులు మార్సాలె, అడివిల ఆగుతది" అని మా ఆయన నాలుగుసార్లు చెప్పాడు. "తీగ సుట్టి నడిపియ్. నీకు ప్రతిదీ కొత్తదే గావాలె" అని సేటు నాలుగుసార్లూ అదే జవాబు. తీగ చుట్టి పంపించాడు. అనుకున్నట్టే పైపు తెగింది, డీజిలంతా దారిలో నేల తాగింది, సేటు కంపల్లో పడి ఆరు కోసులు నడిచి వచ్చాడు.

వచ్చినవాడు ఇంటికి పోలేదు, నేరుగా అంగడికి వచ్చాడు. ఆ రోజు మా దగ్గర వారపు అంగడి. మా ఆయన ఉల్లిగడ్డలు బేరమాడుతున్నాడు, నేను పక్కనే సంచి పట్టుకుని ఉన్నాను. సేటు మనుషులిద్దరు వచ్చి ఆయన రెక్కలు పట్టుకున్నారు. "టాంకీ నిండ పోయిచ్చిన. ఏడికి వోయింది రా? పైపు పెట్టి గుంజుకున్నవు గదా?" అన్నాడు సేటు. "సేటూ, పైపు తెగిందని నీకే ఎరుక..." అని మా ఆయన అనబోయేలోగా, ఒకడు చెంబెడు డీజిల్ తెచ్చాడు. "నా డీజిలంటే నీకు గంత ఇష్టమాయె. అందరు సూడంగ తాగు జర." ముక్కు మూసి పోశారు. గుటక పడింది. దగ్గుతూ ఆయన ఉల్లిగడ్డల కుప్ప మీద పడ్డాడు. అంగడంతా చూసింది. మిరపకాయలమ్మే అవ్వ ఒక్కతే "అయ్యో, మనిషి రా వాడు" అని అరిచింది. మిగిలినవాళ్ళు నేల చూశారు. సేటు అప్పుడు కూడా ఆయన ముఖం చూడలేదు. కిళ్ళీ ఉమ్మి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఆయన గొంతులోకి అంబలి తప్ప ఏదీ దిగలేదు. మాట బొంగురుపోయింది. ఆ బొంగురు చచ్చేదాకా పూర్తిగా పోలేదు. నాలుగో రోజు ఆయన మళ్ళీ సుత్తి పట్టుకున్నాడు, నేను మాత్రం తిరగలి ముందు కూర్చుని సేటును రోజూ చంపేదాన్ని. జొన్నలు వేస్తూ ఒకసారి పాము కరిపించాను. రెండో పిడికిట్లో వాగులో ముంచాను. ఒకరోజు పులికి వేశాను గానీ, పులి కూడా తినదేమోనని అనుమానం వచ్చి వెనక్కి తీసుకున్నాను. అంత మెత్తటి పిండి మా ఇంట్లో ఎప్పుడూ పడలేదని అత్త మెచ్చుకుంది. ఎట్లాగైనా ఆయన గొంతుకు జరిగింది వాడి దేనికో ఒకదానికి జరగాలి, నా చేతుల మీదుగా జరగాలి. అంతే నా పట్టుదల.

వానలు వెనకబట్టాక సేటు లెక్కలు రాసే మున్షీ మా షెడ్డుకు వచ్చాడు. మనిషి చెరకు ముక్క, మాట్లాడితే రసం కారేది. "తమ్మీ, అయిందేదో అయింది. నాలుగు దినాలల్ల ఆదిలాబాదుల కూపు వేలమున్నది. పన్నెండేండ్ల సంది గా కూపు మా సేటుదే. మొదటి గంట కొట్టేటాల్లకు మనిషి ఆడ లేకపోతే చెయ్యి లేపనియ్యరు. బండి సూస్తే కదుల్తలేదు. గీ బండి కడుపుల సంగతి నీకు దప్ప ఎవలకు ఎరుక లేదు. పైపులు, ఫిల్టరు అన్ని మార్సుమన్నడు సేటు."

మా ఆయన చేతులు తుడుచుకుని, "తీస్కరా పో" అన్నాడు.

మున్షీ అటు పోగానే నేను ఇటు అందుకున్నాను. "సిగ్గున్నదా నీకు? గొంతుల పోసినోని బండికి గొంతు బాగు జేస్తవా?"

"బండి ఏం తప్పు జేసిందే?"

"నువ్వేం తప్పు జేసినవు మరి అంగడిల?"

ఆయన పనిముట్ల పెట్టె తెరిచాడు. పానాలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఆయన వాలకం చూస్తే నాకు సేటు మీది కంటే ఆయన మీదే ఎక్కువ మంట పుట్టింది. తన తరఫున తనకు పగ లేదు, సరే. ఉన్న నేను ఏం చేయాలి?

పని రెండు రోజులు జరిగింది. ఆయన పని చేస్తుంటే చూడటం నాకు ఇష్టం, కోపంలో కూడా చూశాను. పాత రబ్బరంతా కోసి పారేశాడు. రాగి గొట్టాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడింది, దాన్ని మోకాలికి ఆనించి వంచి, జీపు ఎముకల వెంట పోనిచ్చి, రాసుకునే చోటల్లా తోలు ముక్కలు చుట్టాడు. కొసలకు కొత్త రబ్బరు తొడిగాడు. పంపు కింద గాజుగిన్నె విప్పితే అడుగున ఎర్రటి మడ్డి, దాని మీద వేలెడు నీళ్ళు. సేటు డీజిల్ డ్రమ్ములు ఎండకూ వానకూ బయటే పడుంటాయి, వాటిలో ఎప్పుడూ వాననీళ్ళు కలిసే ఉంటాయి. ఆ గిన్నెను ఆయన పారబోస్తుంటే నేను చూశాను. వేలెడు నీళ్ళు. నాకు గంజి గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో ఆ జీపు ఫిల్టరంటే ఇనుప డబ్బాలో ఒక బట్టసంచి. అసలుది కావాలంటే బొంబాయి నుంచి రావాలి, నెల దాటుతుంది. అందుకని మా ఆయన బండ్లన్నిటికీ అత్త నేసిన దుప్పటి బట్టతో నేనే సంచులు కుట్టేదాన్ని. మూడు ఉడుకులు ఉడికించి, గంజంతా దించి, ఎండబెట్టి, రెండు పొరలుగా కుట్టాలి. గంజికి డీజిల్ ఏమీ చేయదు. నీళ్ళు తగిలితే మాత్రం అది మా మేనమామ దుప్పటి అవుతుంది. ఉబ్బి, జిగురు కట్టి, నూలు సందులన్నీ మూసేస్తుంది. ఇంజనుకు డీజిల్ అందదు. అదీ చదును నేల మీద కాదు, ఎక్కువ తాగే చోట, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగుతుంది. ఇదంతా ఆయన నాకు నేర్పించిందే. పాపం, జాగ్రత్త కోసం నేర్పించాడు.

పైపొర మూడు ఉడుకుల బట్ట వేశాను. లోపొర మగ్గం మీద నుంచి అప్పుడే కోసిన బట్ట వేశాను. అట్టలా ఉంటే చేతికి తెలిసిపోతుందని, రుబ్బురోటి పొత్రంతో గంటసేపు రుద్ది మెత్తబరిచాను. గంజి ఎక్కడికీ పోలేదు, విరిగి నూలులోనే ఉంది. వసారాలో కూర్చుని కుడుతుంటే అత్త మగ్గం ఆపి వచ్చి, నా ఒళ్ళోని గుడ్డను రెండు వేళ్ళతో నలిపి చూసింది. అరవై ఏళ్ళు గంజిలో నానిన వేళ్ళు అవి.

"గీ పొర ఉడకబెట్టలేదా బిడ్డా?"

నేను తల ఎత్తలేదు. "మరిచిపోయిన అత్తా."

ఆమె తన కండెలోంచి ఒక బారెడు దారం తెంపి నా చేతికిచ్చింది. "దగ్గర దగ్గర కుట్టు. కుట్టు ఇడ్సిపోతె పనంత పాడైతది" అని వెళ్ళి మగ్గంలో కూర్చుంది. మళ్ళీ ఆ ముచ్చట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

సంచి బిగించి, చేతిపంపు కొట్టి, పైపుల్లోని గాలంతా నురగ నురగగా తీసేశాక జీపు ఒక్క తిప్పుకే అందుకుంది. గుండె దిటవుగా కొట్టుకునే మనిషిలా పలికింది. మా ఆయన ముఖంలో ఆ వెలుగు చూస్తే నా గుండెలో రాయి పడింది. దాని మీద ఇంకో రాయి. మున్షీ వచ్చి, "తమ్మీ, ఎక్కు" అన్నాడు. నేను పగలో పడి మా షెడ్డు రివాజునే మరిచిపోయాను. పైపులు కొత్తవి వేస్తే మొదటి ప్రయాణానికి మిస్త్రీ బండిలో పోవాల్సిందే. ఎక్కడ గాలి పీల్చినా ఆయనే చూసుకోవాలి. ఆగబోయే బండిలో, ఆ సేటు పక్కన, అడవి మధ్యలో నా మనిషి!

చీర కొంగు కాళ్ళకు అడ్డం పడుతున్నా రోడ్డు మీదికి ఉరికాను. "ఆగు, గా సంచి..." అని నోటి దాకా వచ్చింది. ముందు సీట్లో కూర్చున్న సేటు నన్ను కాదు, నా పక్కనున్న తాటాకు గోడను చూస్తూ, "తొవ్వల దూపైతె అడుగుమను నీ మొగన్ని. దొంగతనం ఎందుకు, మేమే పోస్తం" అన్నాడు. వెనక కూర్చున్నవాళ్ళు నవ్వారు. మా ఆయన నవ్వలేదు, తల దించుకోలేదు.

"ఏంది, గా సంచి ఏంది?" అని అడిగాడు నన్ను.

"అన్నం సంచి. మరిచిపోయి పోతున్నవు" అన్నాను. రొట్టెలు కట్టి ఇచ్చి పంపించాను.

మూడు రోజులు నేను తిన్నది లేదు. దేవుడికి ఒక మొక్కు మొక్కి, అంతలోనే దానికి విరుగుడుగా ఇంకో మొక్కు మొక్కేదాన్ని. ఆగాలని ఒకటి, ఆగవద్దని ఒకటి. నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన బొగ్గు లారీ దిగి నడుచుకుంటూ వచ్చాడు. ఒంటి మీద దెబ్బ లేదు. కాళ్ళు కడుక్కుని, "బండి ఆగింది" అన్నాడు. అంతే. మిగిలిందంతా మున్షీ నోట ఊరంతా తెలిసింది. ఆసిఫాబాద్ దాటి కెరమెరి ఘాటు ఎక్కుతుంటే జీపు ఆగింది. విప్పి బిగిస్తే కాస్త దూరం పోయి మళ్ళీ ఆగింది, మళ్ళీ విప్పితే మళ్ళీ ఆగింది. ఆ రోజు ఘాటులోనే పోయింది. సేటు ఎడ్లబండి మాట్లాడుకుని, ధోవతి నిండా డీజిల్ మరకలతో ఆదిలాబాద్ చేరేసరికి వేలం ముగిసి, పన్నెండేళ్ళ కూపు ఇంకొకరి పాలైంది. కొట్టబోతే మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి, "పని నాది, తప్పు నాది" అన్నాడట. అన్ని బండ్లు ఆగి చూస్తున్న ఘాటులో సేటు చెయ్యి లేవలేదట.

ఆ సాయంత్రం నేను బెల్లం వేసి పరమాన్నం వండాను. పండుగేమిటని ఎవరూ అడగలేదు, అత్త రెండుసార్లు పెట్టించుకుంది. నా సంబరం ఆ వారమే. ఎందుకంటే ఆ వారం మా షెడ్డు ముందు ఒక్క లారీ ఆగలేదు. ఆ పై వారం కూడా. ఆయన కట్టిన బండి ఘాటులో మూడుసార్లు ఆగిందన్న మాట డ్రైవర్ల నోట మంథని దాకా పోయింది. సేటు మరుసటి ఏడు ఇంకో కూపు పాడుకున్నాడు, కిళ్ళీ నమలడం ఒక్కరోజు కూడా మానలేదు. మేము షెడ్డు ఎత్తేశాం. ఆయన మందమర్రిలో బొగ్గుబావి వర్క్‌షాపులో, తన కంటే చిన్నవాళ్ళ కింద హెల్పరుగా చేరాడు. కొత్త ఉద్యోగానికి పోయే రోజు చొక్కాకు గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఇస్తే, తీసి పక్కన పెట్టాడు. "గంజి వద్దు నాకు. ఎన్నడు వెట్టకు." సంచి సంగతి ఆయనకు తెలిసిపోయింది, ఇది నాకు శిక్ష అనుకున్నాను. అప్పటి నుంచి ఆయన చొక్కాలు వాడిపోయిన తోటకూరలా వేలాడుతుండేవి. వాటిని దండెం మీద వేసిన ప్రతిసారీ నేను లోపల చెంపలేసుకునేదాన్ని. మంచంలో ఆయన అటు తిరిగి పడుకుంటే అడగడానికి భయం, నేను ఇటు తిరిగేదాన్ని.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళకు సేటు పోయాడన్న కబురు వచ్చింది. అప్పటికి అత్త లేదు. మేమిద్దరం వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాం. ఇక దాచలేకపోయాను. "గా సంచిల గంజి నేనే ఉంచిన" అన్నాను.

"ఎరుకే" అన్నాడు, ఒలవడం ఆపకుండా.

"ఎప్పటి సంది?"

"మొదటిపారి ఆగినప్పుడే. డబ్బా ఇప్పితే సంచి అంబలి లెక్క జారింది. మగ్గం కింద పుట్టినోన్ని, గంజి దెల్వదా? ఉతుక్కరా పో అని సేటు వాగులకు తోలిండు."

"ఉతికినవా?"

"బీడీ తాగిన."

ఆయన ఒక కాయ విప్పి గింజలు చాటలో వేశాడు. "బీడీ తాగి, సంచిని నీళ్ళల్ల ఒక్క ముంచు ముంచి, పిండకుంట తెచ్చి మల్ల పెట్టిన. తడిస్తె ఇంక ఉబ్బుతది గదా. నువ్వు కుట్టింది ఒక్కపారి ఆగేటంతనే ఉండె. కడమ రెండుపార్లు నావి."

"నీ పేరు వాయె గదయ్యా!"

"అంగడిల గుటక మింగిన్నాడే వోయింది నా పేరు. మిగిలింది పని పేరు ఒక్కటి. వానికి తగిలేటట్టు ఇసరనీకి నా దగ్గర గంతకంటె బరువైంది ఇంకేమున్నది?"

ఇద్దరం ఇంకో నాలుగు కాయలు ఒలిచాం. తర్వాత నాకు చొక్కాలు గుర్తొచ్చి, "మరి నా మీద కోపం లేకపోతె గంజెందుకు వద్దంటివి ఇన్నేండ్లు?" అన్నాను.

"మెడకాడ గీక్తది" అన్నాడు.

నవ్వు మొదలైతే ఆగలేదు. చాట ఒరిగి గింజలన్నీ మట్టిలో పడ్డా ఆగలేదు. ఆ బొంగురు గొంతుతో ఆయన అంతగా నవ్వడం నేను అంగడి రోజు తర్వాత అదే మొదటిసారి వినడం. ఆ నవ్వు మాకు ఇంకో ఆరేళ్ళు దొరికింది, తర్వాత ఆయన పోయాడు. సేటు చావుకు నాకు ఆనాడు జాలి కలగలేదు, ఈనాడూ లేదు. వాడి మీద పగ ఘాటులోనే తీరింది. కలిసి నవ్వుకోవాల్సిన పద్దెనిమిదేళ్ళను, చెరో దిక్కు తిరిగి పడుకున్న మా ఇద్దరి నడుమ నుంచి చప్పుడు లేకుండా ఎత్తుకుపోయిన కాలం మీద మాత్రం, పగ తీర్చుకునే దారి నాకింకా దొరకలేదు.